గ్యామట్ అంటే అసలేంటి? రంగుల పనిలో వాడే ఈ మాట సంగీతంలోంచి వచ్చిందా?

ఆఫ్‌సెట్ రంగులు (విజయవాడ):
అందరికీ నమస్కారం. నేను ప్రింటింగ్ ప్రెస్‌లో డిజైనింగ్ చూస్తాను. శుభలేఖలు, కేలండర్లు, షాపుల బ్రోచర్లు మా పని. ఫోటోషాప్‌లో కలర్ పిక్కర్ తెరిచి మెరిసే చిలకపచ్చ ఎంచుకోగానే పక్కన చిన్న త్రికోణం, అందులో ఆశ్చర్యార్థకం వస్తుంది. 'అవుట్ ఆఫ్ గ్యామట్' అని. ఆ రంగు తెర మీద కనిపిస్తుంది కానీ సీఎంవైకే (సయాన్ అనే ఆకాశనీలం, మెజెంటా, పసుపు, నలుపు) ఇంకుల్లో దిగదని దాని అర్థం. పనివరకు ఆ మాట నాకు కొట్టిన పిండే. మొన్న డిక్షనరీ తిప్పితే మొదటి అర్థం 'సంగీత స్వరాల పూర్తి శ్రేణి' అని ఉంది. రంగులెక్కడ, స్వరాలెక్కడ! మా బావమరిది అది మన 'గమకం' అంటాడు. ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన ఫార్వర్డులో మన పాత సంగీత శాస్త్రంలో షడ్జ గ్రామం, మధ్యమ గ్రామం అని స్వరాల కూర్పులు ఉన్నాయి కదా, ఆ 'గ్రామం' నుంచే తెల్లవాళ్లు ఎత్తుకుపోయారని ఉంది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. ఎంత పొడుగైనా చదువుతాను.

సావేరి (రాజమండ్రి):
గమకం కాదండీ. గమకం 'గమ్' ధాతువులోంచి వచ్చింది, కదలిక దాని ప్రాణం. స్వరాన్ని కట్టె విరిచినట్టు పలక్కుండా ఊపడం, జార్చడం, పక్క స్వరాన్ని తాకి రావడం, ఇదంతా గమకం. మీ డిక్షనరీలోది స్వరాల శ్రేణి. రెంటికీ ధ్వని తప్ప పోలిక లేదు. గ్రామం సంగతి మాత్రం అంత తేలిగ్గా తోసెయ్యకూడదు, పూర్వం పెద్దవాళ్లే ఆ వాదన చేశారని విన్నాను. పాత పత్రాలు చూసినవాళ్లు ఎవరైనా చెప్తే బాగుంటుంది.

పదాల పెట్టె (హైదరాబాద్):
ఈ మాట పుట్టుక చాలా ముచ్చటైనది, పైగా అడుగడుగునా రాతలో సాక్ష్యం దొరుకుతుంది. అందుకని కాస్త నిదానంగా చెప్తాను.

మధ్యయుగంలో యూరప్ చర్చి గాయకులు స్వరాలకు లాటిన్ అక్షరాలు పెట్టుకున్నారు. ఎ నుంచి జి దాకా ఏడు, ఆ పైన మళ్లీ అవే. అన్నిటికంటే కింద ఉన్నది ఎ. తర్వాత ఆ ఎ కి కూడా కింద ఇంకో స్వరం కావలసి వచ్చింది. అది జి స్వరమే, కానీ ఒక స్థాయి కిందిది. పెద్ద జి అక్షరం పైన వాడేశారు. అందుకని గ్రీకు అక్షరం గామా తెచ్చి పెట్టారు. తలకిందులైన ఎల్ లాగా ఉంటుంది చూడండి, అదే. సుమారు 1000 ప్రాంతంలో ఇటలీలో రాసిన ఒక సంగీత సంభాషణ గ్రంథంలోనే ఈ గామా కనిపిస్తుంది.

ఆ తర్వాత స్వరాలకు ఉట్, రే, మి, ఫా, సోల్, లా అని ఇంకో రకం పేర్లు వచ్చాయి. మన స రి గ మ లాగా పాడుకోవడానికి పనికొచ్చే పేర్లు. అన్నిటికీ అడుగున ఉన్న గామా స్వరానికి 'ఉట్' స్థానం దక్కింది. కాబట్టి దాని పూర్తి పేరు 'గామా ఉట్'. నలుగురి నోళ్లలో నలిగి 'గ్యామట్' అయింది.

అంటే మొదట గ్యామట్ అన్నది ఒకే ఒక్క స్వరం. ఇవాళ ఐదు గీతల మీద స్వరాలు రాసే స్టాఫ్ నొటేషన్‌లో, కింది స్వరాలకు వాడే బేస్ క్లెఫ్ అట్టడుగు గీత మీద కూర్చునే జి ఉంది కదా, అది. పాఠం అక్కణ్ణించి మొదలయ్యేది కాబట్టి ఆ పేరే మొత్తం పట్టికకు అతుక్కుంది. ఇంగ్లిషులోకి 15వ శతాబ్దంలో వచ్చింది. 17వ శతాబ్దానికి సంగీతం దాటి, ఏ విషయంలోనైనా ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉన్నదంతా అనే అర్థం పట్టింది. మీ ఫోటోషాప్ త్రికోణం దాని మునిమనవడు.

ఆఫ్‌సెట్ రంగులు:
అద్భుతంగా ఉంది మాస్టారూ. మరి ఆ 'ఉట్' ఏమిటి? గామా గ్రీకు అక్షరం సరే. ఉట్, రే, మి అని ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?

కోయర్ బేస్ (గుంటూరు):
ఇది నాకు వదిలెయ్యండి. మా చర్చిలో పాత కోయర్ మాస్టారు పియానో ముట్టుకోనివ్వకుండా ముందు డో రే మి (పాత ఉట్‌కే ఇప్పటి పేరు డో) గొంతులో నిలబెట్టించేవారు. ఆ పద్ధతికి మూలపురుషుడు గైడో అనే సన్యాసి. ఇటలీలో ఫెర్రారా దగ్గర పొంపోసా మఠంలో ఉండేవాడు, 1025 ప్రాంతంలో అరెజ్జో పట్టణానికి మారాడు. అందుకే గైడో ఆఫ్ అరెజ్జో అంటారు.

ఆయన బాధేమిటంటే, మఠాల్లో పిల్లలు గురువు పాడింది విని బట్టీ పట్టడమే. పదేళ్లు పాడినా, ఎవరూ వినిపించని కొత్త కీర్తన చేతికిస్తే పాడలేరు. దానికి ఆయన ఒక స్తుతిగీతాన్ని పట్టుకున్నాడు. బాప్తిస్మమిచ్చు యోహాను పండుగ, జూన్ 24న పాడేది. సాహిత్యం 8వ శతాబ్దపు పాల్ ద డీకన్‌దని సంప్రదాయం. లాటిన్ ఇలా ఉంటుంది:

ఉట్ క్వెయాంట్ లాక్సిస్
రెసొనారె ఫీబ్రిస్
మీరా జెస్తోరుమ్
ఫాములి తువోరుమ్
సోల్వె పొల్లూతి
లాబియి రేయాతుమ్
సాంక్తె యోహాన్నెస్

భావం: పరిశుద్ధ యోహానూ, నీ దాసులు నీ అద్భుత కార్యాలను గొంతు విప్పి పాడగలిగేలా మా మలిన పెదవుల దోషం తొలగించు. గొంతు గురించి యోహానునే ఎందుకు అడగాలంటే, లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఆయన తండ్రి జెకర్యాకు మాట పడిపోతుంది. కొడుక్కి యోహాను అని పేరు పలక మీద రాశాకే నోరు తెరుచుకుంటుంది. పాటగాళ్లు ఆయన్ని వేడుకోవడంలో ఎంత ఔచిత్యం ఉందో చూడండి.

ఇప్పుడు అసలు కిటుకు. ఈ పాట బాణీలో మొదటి ఆరు పాదాలూ ఒక్కొక్కటి ఒక్కో మెట్టు పైనుంచి ఎత్తుకుంటాయి. మొదటి పాదం సి మీద, రెండోది డి మీద, అలా ఎ దాకా. కాబట్టి పాట నోటికొచ్చిన పిల్లవాడికి ఆరు స్వరాలూ నోటికొచ్చినట్టే. కొత్త పాటలో నాలుగో స్వరం ఎదురైతే 'ఫాములి' ఎత్తుగడ గుర్తు తెచ్చుకుంటే చాలు. ఈ పద్ధతిని గైడో తన స్నేహితుడు మైకేల్ అనే సన్యాసికి రాసిన ఉత్తరంలో వివరించాడు. పదేళ్లు పట్టే చదువు ఏడాదిలో, మహా అయితే రెండేళ్లలో అయిపోతుందని అందులో గట్టిగా చెప్పాడు. పోపు 19వ జాన్ ఆయన్ని రోముకు పిలిపించుకుని స్వయంగా పాడి చూశాడు కూడా.

'ఉట్' అంటే లాటిన్‌లో 'అయ్యేలా, జరిగేలా' అనే అర్థం ఇచ్చే చిన్న అవ్యయం. పాపం, దానికి సంగీతంతో ఏ చుట్టరికమూ లేదు. పాట మొదట్లో ఉండటమే దాని అదృష్టం.

సావేరి:
కోయర్ బేస్ గారూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మాకు స్వరాక్షరం అని ఒక అందం ఉంది. సాహిత్యంలో 'సరి' అనే మాట వస్తే దాన్ని సరిగ్గా స, రి స్వరాల మీదే పడేలా వాగ్గేయకారుడు కూర్చడం. అక్కడ స్వరం పేరు ముందు, దానికి తగ్గ మాట తర్వాత. ఇక్కడ పాటలోని మాటే ముందు పుట్టి, దాని మొదటి అక్షరం స్వరానికి పేరైపోయింది. నడక వెనక నుంచి ముందుకొచ్చింది.

ఇంకో సంగతి. సరళీ వరసల్లో పిల్లలకు మధ్యలోంచి ఒక్క 'ప' అడగండి, చాలామంది లోలోపల 'స రి గ మ' ఎక్కి వచ్చి 'ప' అంటారు. గైడో శిష్యుడికి ఆ మెట్లెక్కే పని లేదు. ప్రతి మెట్టుకీ ఒక పాట పాదం సొంతంగా ఉంది. రేపటి నుంచి నేను కూడా చిన్నపిల్లలకు తెలిసిన గీతాల ఎత్తుగడలతో ఇలా చేయించి చూస్తాను.

స్వదేశి స్వరం (వరంగల్):
అన్నలూ, అంతా బాగానే ఉన్నది గని, మన పాలు మనం వదులుకోవద్దు. భరతుడి నాట్యశాస్త్రంలనే ఏడు స్వరాలు, రెండు గ్రామాలు ఉన్నయి. గైడో పుట్టకముందు కొన్ని వందల ఏండ్ల కిందటి మాట. ప్రాకృతంల గ్రామం 'గామ' అయితది. మనది గామ, వాళ్లది గామా. మనది స్వరాల కూర్పు, వాళ్లది స్వరాల శ్రేణి. గింత దగ్గరగా ఉంటే ఉత్తగనే కలిసిందంటె ఎట్ల నమ్మాలె? నేనొక్కణ్ణే కాదు, జర్మనీ పండితుడు ఆల్బ్రెక్ట్ వేబర్ గూడ 19వ శతాబ్దంల సంస్కృత సాహిత్య చరిత్ర రాస్తూ గీ మాటనే అన్నడు. వాట్సాప్ ముచ్చట కాదిది.

పదాల పెట్టె:
వేబర్ అలా ఊహించిన మాట నిజం, మీరు ఆ పేరు తెచ్చినందుకు సంతోషం. ఫార్వర్డుల్లో ఆధారం చెప్పేవాళ్లే ఉండరు. మన సంగీతం ముందుదన్న దాంట్లోనూ నాకు రెండో మాట లేదు. పుదుక్కోట దగ్గర కుడుమియాన్‌మలై శాసనంలో స్వరాక్షరాలు రాతి మీద చెక్కి ఉన్నాయి. లిపిని బట్టి 7వ శతాబ్దం దరిదాపులది. గైడో కంటే మూడు నాలుగు వందల ఏళ్లు ముందు.

అయినా గ్యామట్ విషయంలో వేబర్ ఊహ నిలవదు. కారణం చెప్తాను. మన గ్రామం పుట్టుకతోనే సమూహం. ఊరైనా, స్వరాల గుంపైనా అంతే, ఒక్క స్వరాన్ని ఎవరూ గ్రామం అనలేదు. యూరప్ గామా పుట్టుకతో ఒంటరి. ఎ, బి, సి, డి ల వరసలో అడుగున నిలబడ్డ ఒక్క అక్షరం. శ్రేణి అనే అర్థం దానికి తర్వాత వచ్చింది. గ్రామం అనే మాటే అక్కడికి వెళ్లి ఉంటే శ్రేణి అర్థం ముందు కనిపించాలి, ఒక్క స్వరం అర్థం తర్వాత రావాలి. రాతల్లో ఉన్నది సరిగ్గా తలకిందులు. పైగా ఇంగ్లిషు మాట తోకలో 'ఉట్' వేలాడుతోంది కదా, గ్రామంలోంచి వస్తే ఆ తోక ఎక్కడిది?

రూపం కలిసిందని చుట్టరికం కలిపితే, శంకరాభరణంలో అంతర గాంధారం, శుద్ధ మధ్యమం పక్కపక్కన ఉంటాయి కాబట్టి 'గ మ' నుంచే గామా వచ్చిందని కూడా అనొచ్చు. ధ్వని మాత్రమే చూస్తే దారి తప్పుతాం. ఏ అర్థం ముందు, ఏది వెనక అన్నది చూడాలి.

స్వదేశి స్వరం:
మరి అరబ్బుల మీదుగ పోలేదా? లెక్కల అంకెలు అట్లనే పోయినయి గద. డో రే మి గూడ అరబ్బీ అక్షరాల నుంచి వచ్చిందని చదివిన.

పదాల పెట్టె:
ఆ వాదన కూడా ఉంది. దాల్, రా, మీమ్, ఫా, సాద్, లామ్, సీన్ అనే అరబీ అక్షరాల నుంచి అని 17వ శతాబ్దం చివర్లో మెనిన్‌స్కీ అనే పండితుడు మొదలుపెట్టాడు. అంకెల విషయంలో ఏ పుస్తకం ఏ భాషలోకి ఎప్పుడు వెళ్లిందో చూపించే గ్రంథాలున్నాయి. ఇక్కడ అలాంటి అరబీ రాత ఏదీ చూపించలేదు. పైగా 'దాల్' నుంచి 'డో' అనడమే కుదరదు, ఎందుకంటే గైడో కాలంలో డో లేదు. ఉట్ ఉంది. డో 17వ శతాబ్దంలో ఇటలీలో వాడుకలోకి వచ్చింది, పాడటానికి ఉట్ మూసుకుపోయినట్టు ఉంటుందని. ఫ్రాన్సులో ఉట్ ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

సామగానం (అమలాపురం):
స్వదేశి స్వరం గారికి నా నుంచి ఒక చిన్న సమాచారం, మాట పుట్టుకతో నిమిత్తం లేనిది. సామవేదం చెప్పుకునేటప్పుడు కుడిచేతి వేళ్ల మీద బొటనవేలు తాకిస్తూ స్వరం చూపించడం మా పద్ధతి. దీన్ని గాత్రవీణ అంటారు. నారదీయ శిక్షలో వివరంగా ఉంది. బొటనవేలి కొసన క్రుష్టం, బొటనవేలి మీద ప్రథమం, చూపుడువేలు గాంధారం, మధ్యవేలు ఋషభం, ఉంగరపువేలు షడ్జం, చిటికెనవేలు ధైవతం, దాని కింద నిషాదం. చెయ్యే వీణ, వేళ్లే మెట్లు. యూరప్‌లో కూడా చేతి మీద స్వరాలు నేర్పేవారని ఎక్కడో బొమ్మ చూశాను. అది గైడోదేనా?

కోయర్ బేస్:
మంచి ప్రశ్న అడిగారు స్వామీ. దాన్ని గైడో చెయ్యి అనే అంటారు. ఆయన మిగిల్చిన రాతల్లో మాత్రం ఆ బొమ్మ లేదు, తర్వాతివాళ్లు ఆయన పేరు పెట్టారు. ఎడమ అరచెయ్యి తెరిచి పెట్టుకోండి, చూపిస్తాను.

బొటనవేలి కొసన గ్యామట్. అక్కణ్ణించి కిందికి దిగితే ఎ రే, ఆ కింద బి మి. అరచేతిలోకి వచ్చి చూపుడువేలి మొదట్లో సి ఫా ఉట్. అలాగే అడ్డంగా మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు మొదళ్ల మీదుగా నడిచి, చిటికెనవేలు పైకి ఎక్కి, వేళ్ల కొసల మీదుగా వెనక్కి వచ్చి, చూపుడువేలు దిగి, నడిమి కణుపుల చుట్టూ తిరుగుతుంది. నత్తగుల్ల చుట్టులాగా లోపలికి పోతుంది. మొత్తం 20 స్వరాలు. చివరిది ఇ లా. దానికి చేతిలో చోటు చాలక మధ్యవేలి కొసకు పైన గాలిలో రాసేవారు. మాస్టారు ఏ కణుపు మీద వేలు పెడితే పిల్లలు ఆ స్వరం పాడాలి.

సి ఫా ఉట్ అని రెండు పేర్లు ఎందుకంటారా? గైడోవి ఆరు స్వరాలే, ఏడోది లేదు. మన లెక్కలో శంకరాభరణం నిషాదం లేకుండా. ఈ ఆరింటి వరసని జి నుంచి, సి నుంచి, ఎఫ్ నుంచి మొదలుపెట్టేవారు. జి నుంచి ఎక్కుతూ వస్తే సి కి ఫా అనే పేరు. అక్కడే కొత్త వరస మొదలెడితే అదే సి కి ఉట్. అందుకని రెండు పేర్లూ కలిపి పలికేవారు. వరస ఎక్కడ మార్చినా మి, ఫా మధ్య మాత్రం అర మెట్టే ఉండాలి. గ్యామట్‌కి ఇంకో పేరు లేదు, దానికి కింద ఏ వరసా లేదు కాబట్టి.

డాలస్ మావయ్య (టెక్సస్):
షేక్‌స్పియర్ నాటకం టేమింగ్ ఆఫ్ ద ష్రూ మూడో అంకంలో ఇది అచ్చంగా ఉంది. సంగీతం మాస్టారి వేషంలో వచ్చిన ప్రేమికుడు బియాంకాకు ఒక కాగితం ఇస్తాడు. గ్యామట్, ఎ రే, బి మి, సి ఫా ఉట్ అని వరసగా ఒక్కో స్వరం పక్కన ఒక్కో ప్రేమ పలుకు. ఆ అమ్మాయి చదివి, ఇదా గ్యామట్, నాకు నచ్చలేదు, పాత పద్ధతే నయం అంటుంది. 1590ల నాటి లండన్ జనానికి ఈ వరస ఎంత తెలిసి ఉంటే ఆ సన్నివేశం పండాలి!

ఇక్కడ పిల్లలు 'రన్ ద గ్యామట్', 'రన్ ద గాంట్‌లెట్' కలిపేస్తుంటారు. మొదటిది ఒక కొస నుంచి ఇంకో కొస దాకా అన్నీ చుట్టిరావడం. రెండోది రెండు వరసల సైనికులు కొడుతుంటే మధ్యలోంచి పరుగెత్తే శిక్ష. అది స్వీడిష్ మాట నుంచి వచ్చింది, దీనికీ దానికీ సంబంధం లేదు.

ఆఫ్‌సెట్ రంగులు:
ఇన్ని సంగతులా! మరి ఏడో స్వరానికి సీ, టీ అనే పేర్లు ఎక్కణ్ణించి వచ్చాయి? మా అమ్మాయి కీబోర్డు క్లాసులో టీ అంటోంది, పాత పుస్తకంలో సీ ఉంది.

కోయర్ బేస్:
ఏడో స్వరం పేరు 'సీ' తర్వాత చేర్చింది. పాటలో చివరి పాదం సాంక్తె యోహాన్నెస్ కదా, లాటిన్‌లో ఆ రెండు మాటల మొదటి అక్షరాలు ఎస్, ఐ. వాటిని కలిపారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని నారిచ్‌లో సారా గ్లోవర్ అనే టీచరమ్మ దాన్ని 'టీ' చేసింది, సోల్‌కీ సీకీ మొదటి అక్షరం ఒకటే అయితే పొడి అక్షరాలతో రాసేటప్పుడు తికమక అవుతుందని. ఆ పద్ధతినే జాన్ కర్వెన్ టానిక్ సోల్‌ఫా పేరుతో ఊరూరా తీసుకెళ్లాడు. మా కోయర్లలోకి వచ్చింది అదే.

పిక్సెల్ పని (బెంగళూరు):
ప్రెస్ అన్న అడిగిన రంగుల వైపు ఎవరూ రాలేదు కాబట్టి నేను రాస్తున్నాను. డిస్‌ప్లేల కాలిబ్రేషన్ నా ఉద్యోగం. మనిషి కంటికి కనిపించే రంగులన్నిటినీ 1931లో సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ ఒక పటంగా గీసింది. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. ఒక తెర చూపించగలిగే ఎరుపు, పచ్చ, నీలం మూడు చుక్కలుగా ఆ పటంలో పెట్టి కలిపితే త్రికోణం వస్తుంది. ఆ త్రికోణం లోపలున్నదే ఆ తెర గ్యామట్. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎస్ఆర్‌జీబీ అనే తెర రంగుల ప్రమాణం ఆ నాడాలో సుమారు 36 శాతం మాత్రమే కప్పుతుంది. సినిమా హాళ్ల ప్రమాణం డీసీఐ పీ3 దాదాపు 45 శాతం. టీవీ బ్రోచర్లలో 'వైడ్ కలర్ గ్యామట్' అంటే చాలావరకు ఈ పీ3 దరిదాపుల్లో ఉందని చెప్పుకోవడమే.

మీ నాలుగు ఇంకుల గ్యామట్ త్రికోణం కాదు, ఎగుడుదిగుడు ఆకారం. ఒక్కోచోట తెర కంటే బయటికి వస్తుంది కూడా. ముఖ్యంగా స్వచ్ఛమైన సయాన్ దగ్గర. కాబట్టి కాగితం ఎప్పుడూ తక్కువే అనుకోవద్దు.

ఆఫ్‌సెట్ రంగులు:
సయాన్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ప్లేటు ఎక్కించి మంచి ఆర్ట్ పేపర్ మీద సాలిడ్ సయాన్ కొడితే ఆ నీలం మా మానిటర్‌లో నేనెప్పుడూ చూడలేదు. చిలకపచ్చ, మంచి నారింజ అడిగే పార్టీలకు మాత్రం ఐదో ఇంకు, అంటే స్పాట్ కలర్, వేసుకోమనే చెప్తాను.

ఒక్క అనుమానం మిగిలింది. చేతి లెక్కలో బి దగ్గర ఏ పేరు పెట్టేవారు? జి వరసలో మి కావాలి, ఎఫ్ వరసలో ఫా కావాలి. రెండూ ఒకే ఎత్తులో ఉండవు కదా?

కోయర్ బేస్:
సరిగ్గా పట్టుకున్నారు! అక్కడొక్కచోటే ఒకే అక్షరానికి రెండు ఎత్తులు. మన సంగీతంలో కింది నిషాదం కైశికి, పై నిషాదం కాకలి లాంటివే అనుకోండి. అందుకని బి ని రెండు రకాలుగా రాసేవారు. కిందిదాన్ని గుండ్రని పొట్టతో, పైదాన్ని నలుచదరపు పొట్టతో. గుండ్రటి బి నే ఇవాళ స్వరాన్ని అర మెట్టు దించే ఫ్లాట్ గుర్తు. చదరపు బి నే స్వరాన్ని మామూలు ఎత్తుకు తెచ్చే నేచురల్ గుర్తు, దాన్ని కాస్త సాగదీస్తే అర మెట్టు పెంచే షార్ప్. జర్మనీలో ఆ చదరపు బి చూడటానికి హెచ్ లా ఉండటంతో అక్కడ ఇప్పటికీ ఆ స్వరాన్ని హెచ్ అంటారు, మన బి ఫ్లాట్‌ని వట్టి బి అంటారు. మీ అమ్మాయి కీబోర్డు పుస్తకంలో ఫ్లాట్ గుర్తు ఉన్న పేజీ తీసి చూడండి, గుండ్రటి బి స్పష్టంగా కనిపిస్తుంది.